చెక్క తీసిన రోజు

గిరింపేటలో ధనకోటమ్మ టిఫిన్ అంగడి.
వంటింటికీ, కూర్చునే గదికీ నడాన
పద్దెనిమిది అంగుళాల పాతకాలపు గోడ.
దానికి ఒక్కటే వాకిలి, సన్నంగా.
ప్లేట్లు మోసే పిల్లోడి మోచెయ్యి
రోజూ అదే మూలకు కొట్టుకుని
సున్నం రాలి, ఇటుక ఎర్రగా బయటపడింది
మానని పుండు మాదిరి.

"గోడ తీసెయ్యండి" అనింది ఆమె.
"మిద్దె నీ నెత్తినెక్కుతుంది" అన్నాడు పీరాన్ సాబు.
కడ్డీల దూలానికి ఎంతవుతుందో చెప్పినాడు.
సాంబారులో గరిటె ఆగింది.
"అయితే కమాను."

మా ఊళ్లో లారీ కింద పట్టీలనే కమాను కట్టలంటారు.
అదే అడిగినాను, ఇసుక జల్లిస్తా.
"రెండూ ఒకటే జాతమ్మే.
బరువు పడితే వంగేది అది.
పడుతుందని ముందే వంగి కూచునేది ఇది."

మిద్దెకు సరుగుడు కొయ్యలు పోటు పెట్టి
గోడను విప్పినాము.
నేల మీద మేకు కొట్టి, పురికొస కట్టి
సుద్దముక్కతో సగం చందమామను గీసినాడాయన.
ఆ గీత తొక్కకుండా మూడు రోజులు ఇటుకలు మోసినాను.

చెక్కల మీద గోనెపట్ట, దాని మీద తడి ఇసుక,
ఆ బొజ్జ మీద ఇటుకలు.
అటునించి ఒకటి, ఇటునించి ఒకటి,
వియ్యపురాళ్ల మాదిరి ఒకరికొకరు తగ్గకుండా
పైకి వచ్చినాయి.
నడిమిన ఒక్క ఇటుక సందు మిగిలింది.

ఏడు ఇటుకలు చెక్కి పారేసినాడు.
ఎనిమిదోదాన్ని దూర్చి
తాపీ పిడితో మూడు దెబ్బలు.
"మూడోదానికి చప్పుడు మారింది, వినబడిందా?"
లేదన్నాను.
"వినబడుతుందిలే, ఇంకో పదేళ్లకు."

పద్నాలుగు దినాలు పొద్దున సాయంత్రం నీళ్లు కొట్టినాను.
ఆయన బీడీ కాలుస్తా చంద్రగిరి కోట గురించి చెప్పేవాడు,
రాజమహల్లో గాలి తల వంచకుండా
కమాను నించి కమానుకు ఎట్లా పోతుందో.
నేను చూసింది బస్సు కిటికీలోంచి, ఒకేసారి,
అదీ సగం నిద్రలో.

చెక్క తీసే రోజు
ధనకోటమ్మ గ్రైండరును వీధిలో పెట్టించింది.
దేవుడి పటం, గల్లాపెట్టె చంకన పెట్టుకుని
ఎదురుగా సైకిలు అంగడి అరుగెక్కింది.
సాబుకు మోకాళ్లు వంగవు.
"నువ్వు పో" అన్నాడు, సుత్తి నా చేతికిచ్చి.

పాకుతా పోయినాను.
ఎడమ చీల మీద ఒక దెబ్బ,
కుడి చీల మీద ఒక దెబ్బ.
జుట్టులోకి ఇసుక జారింది.
మా అమ్మ గుర్తుకొచ్చింది, ఎందుకో రేషన్ కార్డు కూడా.
మళ్లా ఒకటి. మళ్లా ఒకటి.
చెక్క వేలు మందాన కిందికి దిగింది.
ఇటుక దిగలేదు.
రెంటికీ నడాన వెంట్రుకంత వెలుతురు.

ఏమీ కాలేదు.
ఏమీ కాకపోవడానికే
అన్ని దినాలు పట్టింది.

"మూల ఏదీ?" అన్నాడు పిల్లోడు
మోచెయ్యి అడ్డంగా ఊపుకుంటా.
ధనకోటమ్మ పెనం మీదినించే తలెత్తి
"డబ్బులియ్యకుండా ఎవరు లేస్తారో
ఇంక అంతా కనబడుతుంది" అనింది.
వంటింటి వేడి బయటికి పోయింది,
పోపు వాసన వీధిలోకి పోయింది.
సున్నం పూసినంక చూస్తే
దోసె పెనాన్ని సగానికి కోసి
గోడలో నిలబెట్టినట్టుంది, తెల్లగా.

మొన్న తిరపతిలో ఒక ఫ్లాటు పని.
హాలుకూ పూజగదికీ నడాన
జిప్సం పలకతో చేసిన కమాను.
వంపులో చిన్న చిన్న లైట్లు.
దాని మీద ఏ బరువూ లేదు, పండక్కి కట్టే మామిడాకులు తప్ప.
"బాగుందా?" అనింది ఆ ఇంటామె.
బాగుంది. అబద్ధం కాదు.
ఆమె లోపలికి పోయినంక
తాపీ పిడితో మెల్లగా మూడుసార్లు తట్టినాను.
మూడూ ఒకటే చప్పుడు.

అది డొల్లయినందుకో,
నా చెవికి ఇంకా రానందుకో తెలీదు.
నాలుగేళ్లే కదా అయింది.